స్థలంలో, కాలంలో అసాధారణాన్ని పట్టుకోవడం ఎలా: స్కాన్ పద్ధతులకు సమగ్ర మార్గదర్శి

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద జర్మన్ ఎగిరే బాంబులు పడుతున్న రోజుల్లో, శత్రువు కొన్ని పేటల మీదే గురిపెట్టి వేస్తున్నాడని చాలామంది నమ్మారు. మ్యాప్ మీద చుక్కలు పెట్టి చూస్తే అలాగే కనిపించేది కూడా. 1946లో ఆర్. డి. క్లార్క్ అనే బీమా రంగ గణాంక నిపుణుడు దక్షిణ లండన్‌లో కొంత భాగాన్ని పావు చదరపు కిలోమీటరు చొప్పున 576 గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఎన్ని బాంబులు పడ్డాయో లెక్కపెట్టాడు. మొత్తం 537. అవి గురి లేకుండా, ఎక్కడ పడితే అక్కడ పడితే ఒక్కటీ తగలని గళ్ళు 226.74 ఉండాలని పాయిసాన్ సూత్రం (యాదృచ్ఛికంగా జరిగే సంఘటనలు ఎన్నెన్ని వస్తాయో చెప్పే గణాంక సూత్రం) చెబుతుంది. లెక్కలో తేలినవి 229. నాలుగేసి బాంబులు పడిన గళ్ళు 7.14 ఉండాలి, ఉన్నవి 7. అంటే జనం చూసిన ఆ గుంపులు నిజంగానే ఉన్నాయి, కాకపోతే వాటి వెనక ఎవరి గురీ అక్కర్లేదు.

ఈ గైడ్ అంతా ఆ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది. రోగాల కేసులు, నేరాలు, సెన్సర్ల రీడింగులు, నెట్‌వర్క్ ఫిర్యాదులు, అడవి మంటలు, ఏవైనా సరే, ఎక్కడ ఎప్పుడు జరిగాయో రాసి ఉన్న డేటా మీ చేతిలో ఉంటే అందులో ఎక్కడో ఒకచోట గుంపు కనిపించి తీరుతుంది. మనం వెతికిన అన్ని చోట్లలో, అన్ని రోజుల్లో అన్నిటికన్నా విపరీతంగా కనిపించినది, ఏ కారణమూ లేకుండా కూడా అంత విపరీతంగా ఉండగలదా? దీనికి జవాబు చెప్పే పద్ధతే మనకు కావాలి. మ్యాప్ అంతటా, రోజులన్నిటా రకరకాల సైజుల వలయాలు తిప్పి వెతికే స్కాన్ పద్ధతులు అందుకే ఉన్నాయి.

1. ముందు ప్రశ్నను తేల్చుకోండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే రెండు విషయాలు కాగితం మీద రాసుకోవాలి. డేటా చూశాక రాసుకుంటే ప్రయోజనం ఉండదు.

మొదటిది, వెతకబోయే చోటు ముందే తెలుసా? ఒక ఫ్యాక్టరీ చుట్టూ కేసులు పెరిగాయా అన్నదే ప్రశ్న అయితే చోటు తెలిసినట్టే. అక్కడి సంఖ్యను ఉండాల్సిన సంఖ్యతో పోల్చే మామూలు పరీక్ష సరిపోతుంది. కానీ కేసులు ఎక్కువ ఉన్నట్టు కనిపించాక ఆ ఫ్యాక్టరీ పేరు తెర మీదికి వచ్చి ఉంటే, చోటు ముందే తెలుసని చెప్పుకునే హక్కు మనకు లేదు. అది వెతుకులాట కిందికే వస్తుంది, దాని లెక్క వేరు.

రెండోది, గడిచిపోయిన కాలాన్ని పరిశీలిస్తున్నారా, లేక రోజూ కాపలా కాయాలా? గతాన్ని చూసేటప్పుడు ఎప్పుడో మొదలై ఎప్పుడో ముగిసిన గుంపులు కూడా కావాలి. కాపలా కాసేటప్పుడు ఈ రోజుకీ సజీవంగా ఉన్న గుంపులు మాత్రమే కావాలి. పోయిన నెలలో ముగిసిపోయినదాన్ని ఈ రోజు పట్టుకుంటే అలారం వృథా. ఈ తేడాను మరిచిపోతే వెతికే కిటికీల (ఒక్కోసారి చూసే చోటు, కాలం ముక్కల) సంఖ్య అనవసరంగా పెరిగి, నిజమైన సంకేతం బలహీనపడుతుంది.

2. డేటాలో దాగిన దొంగ గుంపులు

నా అంచనాలో కొత్తగా పెట్టిన నిఘా వ్యవస్థల్లో మొదట్లో మోగే అలారాలు ఎక్కువ భాగం డేటా ఇంట్లోంచే వస్తాయి. అందుకే ఈ అంచెలో తొందరపడకండి.

ఒక్కో నమోదుకు కనీసం రెండు తేదీలు ఉంటాయి: జరిగిన తేదీ, మనకు తెలిసిన తేదీ. విశ్లేషణ జరిగిన తేదీ మీద ఉండాలి, కానీ రెండోది కూడా దాచుకోవాలి. ఎందుకంటే చివరి కొన్ని రోజుల లెక్క ఎప్పుడూ అసంపూర్ణమే. రిపోర్టులు ఇంకా దారిలోనే ఉంటాయి. పాత డేటాలో రెండు తేదీలూ ఉంటే, ఒక రోజు కేసుల్లో మర్నాటికి ఎంత శాతం చేరాయి, మూడో రోజుకి ఎంత చేరాయి అని లెక్కగట్టవచ్చు. ఇక్కడ చాలామంది చేసే పని, చేరిన సంఖ్యనే ఆ శాతంతో భాగించి పెంచడం. అలా పెంచిన సంఖ్యకు పాయిసాన్ స్వభావం పోతుంది. 3 కేసులను 0.3తో భాగించి 10 అంటే, నిజంగా లెక్కపెట్టిన 10 కేసులకు ఉన్న నమ్మకం దానికి రాదు. లెక్కపెట్టినదాన్ని అలాగే ఉంచి, ఉండాల్సిన సంఖ్యను తగ్గించండి.

స్థలం విషయానికొస్తే, అడ్రస్ సరిగ్గా దొరకనప్పుడు చాలా ప్రోగ్రాములు ఆ నమోదును జిల్లా మధ్య బిందువుకో, దేశం మధ్య బిందువుకో అంటగడతాయి. ఎక్కడెక్కడివో కేసులు ఒకే చుక్క మీద పోగుపడతాయి. ఒక్క బిందువు మీద వింతగా ఎక్కువ నమోదులు కనిపిస్తే అది రోగమో నేరమో కాకముందు జియోకోడింగ్ (అడ్రస్‌ను మ్యాప్ బిందువుగా మార్చడం) లోపమని అనుమానించండి. అలాగే అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఎక్స్, వై లాగా వాడి దూరాలు కొలవకండి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం ఎంత దూరమో, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దానిలో సగమే. మీరు గుండ్రం అనుకున్న వలయం నేల మీద గుడ్డు ఆకారంలో ఉంటుంది.

నమోదు కేంద్రం కొత్తగా తెరిచారా, పరీక్ష పద్ధతి మారిందా, కోడ్ మారిందా, ఒకే మనిషి రెండుసార్లు నమోదయ్యాడా, ఇవన్నీ కూడా ఈ అంచెలోనే చూసుకోవాలి.

3. ఉండాల్సిన సంఖ్య ఎంత?

అసాధారణం అనే మాటకు అర్థం రావాలంటే సాధారణం ఏమిటో చెప్పాలి. ఒక ప్రాంతంలో, ఒక రోజున ఎన్ని సంఘటనలు సహజంగా జరుగుతాయో ఆ సంఖ్యను ఇక్కడ 'ఉండాల్సిన సంఖ్య' అంటున్నాను. ఏ గణాంక పరీక్ష వాడామన్నదాని కన్నా ఈ సంఖ్యను ఎంత బాగా కట్టామన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఇది నా గట్టి అభిప్రాయం. ఇది తప్పుగా ఉంటే ఎంత గొప్ప పద్ధతైనా ఆ తప్పునే అందంగా చూపిస్తుంది.

తేలిక పద్ధతి జనాభా. మొత్తం కేసులను జనాభా నిష్పత్తిలో పంచితే చాలు. కానీ వృద్ధులు ఎక్కువున్న పేటలో గుండె జబ్బులు ఎక్కువుంటే అందులో వింతేమీ లేదు. కాబట్టి వయసు, లింగం వంటివాటిని సర్దుబాటు చేయాలి. వయసు వర్గాలవారీగా మొత్తం ప్రాంతానికి రేటు తీసి, ఆ రేట్లను ప్రతి పేటలోని వయసు వర్గాలకు వర్తింపజేసి కూడితే సర్దుబాటైన సంఖ్య వస్తుంది.

ఇంకొంచెం ముందుకెళ్తే పాయిసాన్ రిగ్రెషన్. ఉండాల్సిన సంఖ్య లాగరిథంను జనాభా లాగరిథం, వారంలో రోజు, రుతువు, దీర్ఘకాల ధోరణి, ప్రాంతం ప్రభావం, వీటి మొత్తంగా రాస్తాం. వారంలో రోజును వదిలేయడం చాలా ఖరీదైన పొరపాటు. సెలవు రోజుల్లో క్లినిక్‌లు మూసి ఉండి, మర్నాడు జనం ఒక్కసారిగా వస్తే, ప్రతి వారం ఆ రోజున అలారం మోగుతుంది. రుతువు కోసం ఏడాది చక్రాన్ని సైన్, కొసైన్ పదాలతో పట్టవచ్చు. లేదా గత ఏళ్లలో ఇదే వారాన్ని, దానికి అటూ ఇటూ మూడేసి వారాలను తీసుకోవచ్చు. 1996లో ఫారింగ్టన్, సహచరులు ప్రతిపాదించిన పద్ధతి ఇలాగే గత కొన్నేళ్ల అవే వారాలను వాడుతుంది. గతంలో వచ్చిన పెద్ద వ్యాప్తులు సగటును పైకి లాగకుండా వాటి బరువు తగ్గించే ఏర్పాటు కూడా అందులో ఉంది. పాత వ్యాప్తి మీ అంచనాలో కలిసిపోతే కొత్త వ్యాప్తి మామూలుగానే కనిపిస్తుంది మరి.

ఇదే కారణంతో, ఈ రోజుకూ అంచనా కట్టే కాలానికీ మధ్య కొంత ఖాళీ వదలండి. మెల్లగా పెరిగే గుంపు నిన్న మొన్నటి లెక్కలో చేరి తనను తానే మామూలుగా చూపించుకోగలదు. రోగ నిఘాలో సీ2 అని పిలిచే సాదా పద్ధతి ఏడు రోజుల సగటును తీసుకుంటుంది, కానీ మధ్యలో రెండు రోజులు వదిలేస్తుంది. కారణం ఇదే.

అంచనా కట్టాక ఒక తనిఖీ తప్పనిసరి. మామూలు రోజుల్లో లెక్కల విస్తృతిని, అంటే వేరియన్స్‌ను, సగటుతో పోల్చండి. పాయిసాన్ నిజమైతే రెండూ ఇంచుమించు సమానం. సగటు 8, వేరియన్స్ 20 అని తేలితే పాయిసాన్ మిమ్మల్ని మోసం చేస్తుంది. పాయిసాన్ ప్రకారం ప్రామాణిక విచలనం (వేరియన్స్ వర్గమూలం) 2.83, కాబట్టి 18 కేసులు వస్తే అది 3.5 విచలనాల దూరం. నిజమైన విచలనం 4.47తో చూస్తే అది 2.2 మాత్రమే. ఒకటి అలారం, మరొకటి మామూలు చెడ్డ రోజు. అప్పుడు నెగెటివ్ బైనామియల్ వంటి వెడల్పాటి మోడల్‌కు మారాలి, లేదా అంచనాలో మీరు మరిచిన అంశం ఏదో ఉందని వెతకాలి. నేనైతే ముందు రెండోది చేస్తాను. చాలాసార్లు మరిచిపోయిన సెలవు రోజో, కొత్త నమోదు కేంద్రమో బయటపడుతుంది.

4. తొలి చూపు

కాలరేఖ గీయండి, మ్యాప్ గీయండి. అయితే రేట్ల మ్యాప్ చూసి తొందరపడకండి. ఉండాల్సిన సంఖ్య 0.4 ఉన్న చిన్న పల్లెలో ఒక్క కేసు వచ్చినా రేటు రెండున్నర రెట్లు. అందుకే అత్యధిక రేట్లూ అత్యల్ప రేట్లూ రెండూ చిన్న జనాభా ఉన్నచోటే తేలతాయి. ఎంపిరికల్ బేయస్ పద్ధతి చిన్న ప్రాంతాల రేట్లను మొత్తం సగటు వైపు లాగి ఈ గందరగోళాన్ని తగ్గిస్తుంది.

పక్కపక్క ప్రాంతాలు ఒకేలా ఉన్నాయా అని మొత్తం మీద చెప్పే కొలత మోరన్ సూచిక. ఏ ప్రాంతం దగ్గర ఎక్కువలు పోగుపడ్డాయో చెప్పేవి గెటిస్-ఆర్డ్ సూచిక, 1995లో అన్సెలిన్ ప్రతిపాదించిన స్థానిక సూచికలు. హాట్‌స్పాట్ మ్యాపుల్లో కనిపించే ఎరుపు, నీలం రంగులు ఎక్కువగా వీటి నుంచే వస్తాయి. అయితే పక్కవారెవరో నిర్వచించేది మీరే కాబట్టి, ఆ నిర్వచనం మారితే ఎర్ర మచ్చలు కూడా జరుగుతాయి. వీటిని అన్వేషణకు వాడండి, తీర్పుకు వద్దు. వందల ప్రాంతాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఈ పద్ధతుల్లో ఊరికే తేలేవాటిని అదుపులో పెట్టే బెంజమినీ-హాక్‌బర్గ్ సవరణనైనా కనీసం చేయాలి. చాలా మ్యాపులు అది లేకుండానే అచ్చవుతున్నాయి.

5. స్కాన్ స్టాటిస్టిక్: అసలు పని

వలయాలు గీసి వెతకడం కొత్తేమీ కాదు. 1987లో స్టాన్ ఓపెన్‌షా బృందం ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కేసులను పరిశీలించడానికి మ్యాప్ అంతటా రకరకాల సైజుల్లో ఒకదాని మీద ఒకటి పడే వలయాలను కంప్యూటర్‌తో గీయించింది. అసాధారణమని తేలిన ప్రతి వలయాన్నీ మ్యాప్ మీద ఉంచారు. ఆలోచన గొప్పది, కానీ అన్ని వలయాలు పరీక్షించినప్పుడు ఎన్ని ఊరికే తేలతాయన్న లెక్క అందులో లేదు. గణాంక నిపుణుడు మార్టిన్ కుల్‌డార్ఫ్ 1990లలో ఆ లోటు పూడ్చాడు. 1997లో ఆయన వివరించిన రూపమే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది.

పద్ధతి ఇలా నడుస్తుంది. ప్రతి ప్రాంతం కేంద్రం నుంచి సున్నా వ్యాసార్ధంతో మొదలుపెట్టి, పక్క ప్రాంతాలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ వలయాన్ని పెంచుతాం, గరిష్ఠ పరిమితి దాకా. కాలం కూడా ఉంటే వలయం కాస్తా స్తంభం అవుతుంది: అడుగు భాగం స్థలం, ఎత్తు రోజులు. ప్రతి స్తంభానికీ ఒక స్కోరు కట్టాలి. స్తంభంలో గమనించిన కేసులు గ, ఉండాల్సినవి అ, మొత్తం కేసులు మొ అనుకుందాం. గ సంఖ్య అ కన్నా ఎక్కువైనప్పుడు,

స్కోరు = గ × లాగ్(గ ÷ అ) + (మొ − గ) × లాగ్((మొ − గ) ÷ (మొ − అ))

గ తక్కువైతే స్కోరు సున్నా. ఇక్కడ లాగ్ అంటే సహజ లాగరిథం. లోపల ప్రమాదం ఎక్కువ, బయట తక్కువ అనే కథ, అంతటా ఒకటే అనే కథ కన్నా డేటాకు ఎంత బాగా సరిపోతుందో ఈ స్కోరు చెబుతుంది.

ఒక ఉదాహరణ చేద్దాం. 500 ప్రాంతాలు, ఒక్కోదానిలో ఉండాల్సిన సంఖ్య 8, మొత్తం 4000 కేసులు. ఒక ప్రాంతంలో 18 కేసులు వచ్చాయి. సగటు 8 ఉన్నచోట 18 లేదా అంతకంటే ఎక్కువ రావడానికి పాయిసాన్ సంభావ్యత దాదాపు 0.0016. ఇది చూసి చాలామంది అలారం కొట్టేస్తారు. కానీ చూసింది 500 చోట్ల. వాటిలో కనీసం ఒక్కచోటైనా 18 లేదా అంతకంటే ఎక్కువ వచ్చే సంభావ్యత సుమారు 0.55. అంటే ఏ కారణమూ లేకపోయినా సగానికి పైగా సార్లు ఇలాంటి ప్రాంతం ఒకటి దొరుకుతుంది. దీని స్కోరు కడితే 18 × 0.811 = 14.60, అందులోంచి 9.99 పోగా 4.61.

ఇప్పుడు పక్కపక్కనే ఉన్న నాలుగు ప్రాంతాల్లో ఒక్కోదానిలో 18 వచ్చాయనుకోండి. గ 72, అ 32. నిష్పత్తి అదే, రెండుంబావు రెట్లు. స్కోరు మాత్రం 58.39 లోంచి 39.80 పోగా 18.59. లాగరిథంలో ఉన్న స్కోరు కాబట్టి 4.61కీ దీనికీ మధ్య దూరం చూడ్డానికి కనిపించేదాని కన్నా చాలా పెద్దది. రెట్లు ఒకటే అయినా సాక్ష్యం ఒకటి కాదన్న సంగతిని స్కోరు ఇలా పట్టుకుంటుంది.

18.59 పెద్దదో చిన్నదో చెప్పడానికి పట్టిక ఏదీ ఉండదు. దాన్ని మీ డేటా మీదే తయారుచేయాలి. మొత్తం 4000 కేసులను అలాగే ఉంచి, వాటిని ఉండాల్సిన సంఖ్యల నిష్పత్తిలో 500 ప్రాంతాలకు యాదృచ్ఛికంగా పంచండి. ఆ నకిలీ డేటా మీద కూడా అన్ని వలయాలూ తిప్పి, అతి పెద్ద స్కోరును మాత్రం రాసుకోండి. ఇలా 999 సార్లు చేయండి. మీ నిజమైన అతి పెద్ద స్కోరును ఆ 999తో కలిపి పెద్దవాటి నుంచి వరుసలో పెడితే ఎన్నో స్థానంలో నిలిచిందో చూడండి. ఆ స్థానాన్ని 1000తో భాగిస్తే వచ్చేదే పి-విలువ, అంటే ఏ కారణమూ లేకుండానే ఇంత పెద్ద స్కోరు రావడానికి ఉన్న సంభావ్యత. అన్నిటి కన్నా పైనుంటే 0.001. ప్రతి నకిలీ డేటాలోనూ గెలిచిన స్కోరుతోనే పోటీ పెట్టాం కాబట్టి, ఎన్ని వేల వలయాలు వెతికినా ఆ వెతుకులాట మూల్యం లెక్కలో చేరిపోయింది. వేరే సవరణ అక్కర్లేదు. పైన చెప్పిన 4.61 ఈ పోటీలో 0.55 కన్నా తక్కువ పి-విలువ తెచ్చుకోవడం కష్టం. 18.59 మాత్రం దాదాపు ఎప్పుడూ మొదటి స్థానంలో నిలుస్తుంది.

పరిమితుల గురించి కొంచెం. స్థలంలో గరిష్ఠంగా మొత్తం జనాభాలో సగం దాకా వలయం పెరగనివ్వడం వాడుకలో ఉన్న అలవాటు. ఆచరణలో అది చాలాసార్లు మ్యాప్‌లో మూడోవంతు ఆక్రమించే వలయాన్ని తెచ్చి చేతిలో పెడుతుంది. అంత పెద్ద గుంపును చూసి ఎవరూ ఏమీ చేయలేరు. స్థానికంగా స్పందించాలనుకుంటే పరిమితిని చిన్నది చేయండి, కానీ ఫలితాలు చూడకముందే. ఫలితం నచ్చేదాకా పరిమితులు మార్చుకుంటూ పోతే పి-విలువకు విలువే ఉండదు.

గుండ్రని వలయం నది వెంట సాగిన గుంపును సరిగ్గా పట్టలేదు. దానికి దీర్ఘవృత్తాలు, లేదా 2005లో టాంగో, తకహాషి ప్రతిపాదించిన సరళ ఆకార పద్ధతి ఉన్నాయి. ఆకారానికి ఎంత స్వేచ్ఛ ఇస్తే యాదృచ్ఛిక గుంపులు కూడా అంత అందంగా తయారవుతాయి కాబట్టి, గట్టి కారణం లేకపోతే వలయంతోనే మొదలుపెట్టమంటాను.

ఈ లెక్కలన్నీ చేతితో రాయనక్కర్లేదు. సాట్‌స్కాన్ అనే ఉచిత ప్రోగ్రాం కుల్‌డార్ఫ్ స్కాన్ పద్ధతులను చేస్తుంది. ఆర్ భాషలో స్కాన్‌స్టాటిస్టిక్స్, సర్వైలెన్స్ ప్యాకేజీలు, మోరన్, గెటిస్-ఆర్డ్ సూచికలకు పైథాన్‌లో పైసాల్ ఉన్నాయి. ఒకసారి మాత్రం చిన్న డేటా మీద సొంతంగా కోడ్ రాసి చూడండి. ఎక్కడ ఏం జరుగుతోందో అలా అర్థమైనట్టు ఇంకోలా అర్థం కాదు.

6. జనాభా లెక్క చేతిలో లేకపోతే

కేసులు మాత్రమే ఉన్నాయి, ఎంతమందిలో జరిగాయో తెలీదు. ఇది చాలా మామూలు పరిస్థితి. 2005లో కుల్‌డార్ఫ్, సహచరులు ప్రచురించిన స్థల-కాల పర్మ్యుటేషన్ పద్ధతి దీనికి సరిపోతుంది. ఒక ప్రాంతానికి ఒక రోజు ఉండాల్సిన సంఖ్యను ఆ ప్రాంతం మొత్తాన్ని ఆ రోజు మొత్తంతో గుణించి, అన్నిటి మొత్తంతో భాగించి తీస్తారు. ప్రాంతంలో మొత్తం 60, ఆ రోజు అన్ని ప్రాంతాల్లో 10, మొత్తం కేసులు 300 అయితే 60 × 10 ÷ 300, అంటే 2. నకిలీ డేటా కోసం చోట్లను కదపకుండా తేదీలను మాత్రం కేసుల మధ్య కలగలుపుతారు. కాబట్టి ఎప్పుడూ ఎక్కువుండే ప్రాంతం, అంతటా ఎక్కువైన రోజు, రెండూ దానంతటదే సర్దుకుపోతాయి.

సౌకర్యానికి మూల్యం ఉంది. ఊరంతా ఒకేసారి రెట్టింపైతే ఈ పద్ధతికి ఏమీ కనిపించదు. కాబట్టి పక్కనే మొత్తం సంఖ్య మీద ఒక కాలరేఖ కాపలా కూడా పెట్టండి. ఇంకో చిక్కు, అధ్యయన కాలంలో ఒక ప్రాంతపు జనాభా మాత్రమే వేగంగా పెరిగితే దాన్ని కూడా గుంపుగా చూపిస్తుంది. ఏళ్ల తరబడి డేటా ఇవ్వకుండా కొన్ని నెలలు మాత్రమే ఇస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

దీనికి తాత లాంటిది నాక్స్ పరీక్ష. 1964లో నాక్స్ అనే పరిశోధకుడు 96 పిల్లల ల్యుకేమియా కేసులను జతలుగా చూశాడు. 96 కేసుల్లో 4560 జతలు ఉంటాయి. కిలోమీటరు లోపు దగ్గరున్న జతలు 25, 60 రోజుల లోపు ఉన్నవి 152. స్థలానికీ కాలానికీ సంబంధం లేకపోతే రెండూ ఒకేసారి దగ్గరగా ఉండాల్సిన జతలు 25 × 152 ÷ 4560, అంటే 0.83. దొరికినవి 5. అంటువ్యాధి లక్షణం ఉందా లేదా అని అడగడానికి ఇది ఇప్పటికీ పనికొస్తుంది. ఎక్కడ, ఎప్పుడు అని మాత్రం చెప్పదు, పైగా ఆ హద్దులు మనమే నిర్ణయించాలి.

7. రోజూ నడిపేటప్పుడు

ఒక్కసారి చేసే విశ్లేషణలో పి-విలువకు 0.05 హద్దు చాలు. రోజూ నడిపితే సగటున 20 రోజులకో దొంగ అలారం. ఇక్కడ పి-విలువను తిరగేసి పునరావృత కాలంగా చెప్పడం మేలు. రోజువారీ విశ్లేషణలో 0.001 అంటే 1000 రోజులకు ఒకసారి, అంటే రెండేళ్ల తొమ్మిది నెలలకు ఒకసారి ఊరికే మోగే స్థాయి. నిర్ణయం తీసుకునే అధికారికి పి-విలువ చెబితే టెన్షన్, పునరావృత కాలం చెబితే వెంటనే అర్థమవుతుంది. హద్దు ఎక్కడ పెట్టాలన్నది గణాంకాల ప్రశ్న కాదు. మీ టీమ్ ఏడాదికి ఎన్ని దొంగ అలారాల వెనక పరిగెత్తగలదో దాన్ని బట్టి పెట్టండి. 999 నకిలీ డేటాలతో 0.001 కన్నా చిన్న విలువ రాదు కాబట్టి, మరీ కఠిన హద్దు కావాలంటే నకిలీల సంఖ్య పెంచాలి.

ఒకేచోట నెమ్మదిగా, పట్టుదలగా పెరిగే మార్పుకు 1954లో పేజ్ ప్రతిపాదించిన క్యూసమ్ మంచిది. రోజూ గమనించినదానిలోంచి ఉండాల్సినదాన్ని, కొంత వెసులుబాటును తీసేసి మిగులును పోగు చేస్తుంది. సున్నా కిందికి వెళితే సున్నా దగ్గరే ఆపుతుంది. పోగు హద్దు దాటితే అలారం. సెన్సర్ రీడింగుల వంటి చోట్ల నిన్నటి విలువకీ ఈ రోజు విలువకీ బలమైన సంబంధం ఉంటుంది. అప్పుడు నేరుగా రీడింగుల మీద కాక, ముందు కాలశ్రేణి మోడల్ వేసి మిగిలిన తేడాల మీద క్యూసమ్ నడపాలి, లేకపోతే ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది.

8. నమ్మేముందు మీరే గుంపులు నాటండి

గుంపులేమీ లేని పాత కాలం డేటా తీసుకుని, అందులో మీరే గుంపులు నాటండి. మూడు ప్రాంతాల్లో వారం పాటు రోజుకు రెండేసి కేసులు, ఒకే ప్రాంతంలో ఒక్క రోజు పది కేసులు, మెల్లగా పెరిగేది, ఇలా మీ రంగంలో నిజంగా వచ్చే ఆకారాలు. ఒక్కోదాన్ని వందల సార్లు వేర్వేరు చోట్ల నాటి, ఎన్నిటిని పట్టింది, ఎన్ని రోజుల ఆలస్యంతో పట్టింది, చూపిన చోటు ఎంత సరైనది అని రాసుకోండి. ఏమీ నాటకుండా నడిపితే దొంగ అలారాలు మీరు అనుకున్న స్థాయిలోనే ఉన్నాయో లేదో చూడండి. ఎక్కువుంటే మూడో అంచెకు తిరిగి వెళ్ళండి. లోపం దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

చెప్పాలంటే, ఈ అంచెను ఎవరూ ఇష్టంగా చేయరు. కానీ రెండు పద్ధతుల్లో ఏది మేలు అన్న వాదనను ఇది ఒక మధ్యాహ్నంలో తేల్చేస్తుంది.

9. అలారం మోగాక

2015 జులైలో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ రోజూ నడిపే స్కాన్ విశ్లేషణ సౌత్ బ్రాంక్స్‌లో లీజియనేర్స్ వ్యాధి (నీటిలో పెరిగే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా) గుంపును చూపింది. చివరికి తేలింది 138 కేసులు, 16 మరణాలు. మూలం ఒక కూలింగ్ టవర్. స్కాన్ చెప్పింది చోటూ రోజూ మాత్రమే. రోగులను ప్రశ్నించి, నీటి నమూనాలు తీసి, బ్యాక్టీరియాను పోల్చి టవర్ దాకా వెళ్ళింది మనుషులు.

కాబట్టి మీ అలారం వెంట వచ్చే కాగితంలో చోటు, మొదలైన తేదీ, గమనించినవి, ఉండాల్సినవి, పునరావృత కాలం, ఆ గుంపులోని కేసుల జాబితా ఉండాలి. ముందు జాబితా చదవండి. ఒకే నమోదు కేంద్రం నుంచి, ఒకే రోజు టైపు చేసినవేనా? నకళ్ళా? ఒకే కుటుంబమా? అది దాటితే వలయం అంచును నమ్మకండి. వలయం లోపల గుంపుకు సంబంధం లేని ప్రాంతాలు కొన్ని చేరిపోతాయి, బయట కొన్ని మిగిలిపోతాయి. పి-విలువ ఎక్కడో గుంపు ఉందని చెబుతుందే తప్ప సరిగ్గా ఈ వీధి దగ్గర మొదలై ఆ వీధి దగ్గర ముగిసిందని చెప్పదు.

తర్వాత ఆ గుంపును తీసేసి మళ్ళీ నడపండి. ఒక పెద్ద గుంపు మిగతావాటిని కప్పేస్తుంది, ఎందుకంటే దాని వల్ల మొత్తం కేసులు పెరిగి అన్నిచోట్లా ఉండాల్సిన సంఖ్య కూడా పెరుగుతుంది. విచారణలో తేలినదాన్ని, అది నిజమైనా, డేటా లోపమైనా, ఏమీ తేలకపోయినా, తేదీతో సహా అలారం పక్కనే రాసి పెట్టండి. మరుసటి ఏడు ఉండాల్సిన సంఖ్యలు మళ్ళీ కట్టేటప్పుడు ఏ రోజులను లెక్కలోంచి తప్పించాలో ఆ పట్టిక చూసే నిర్ణయిస్తారు.